బేతాళుడు మాట్లాడిన భాష

గత వేసవిలో ఉపాధ్యాయ శిక్షణ తరగతుల నడుమ, మధ్యాహ్న విరామమున, పదిమందిమి వేపచెట్టు నీడను కూర్చుండి చిన్ననాటి ముచ్చటలు చెప్పుకొనుచుంటిమి. మాట దూరదర్శన్ మీదికి మళ్లెను. రామాయణము వచ్చిన ఆదివారపు ఉదయములను అందరును తలచుకొనిరి. వీధులు బోసిపోవుట, టెలివిజన్ పెట్టెకు పసుపు కుంకుమ పెట్టుట, హారతి ఇచ్చుట ఇవన్నియు ఎన్నోసార్లు విన్న ముచ్చటలే. అయినను మరల వినుటకు విసుగు పుట్టదు. "అంతకుముందు వచ్చిన విక్రముడు, బేతాళుడు మీకు జ్ఞాపకమున్నారా?" అని అడిగితిని. ఇద్దరు తల ఊపిరి. ఒకరు "అది చందమామలో గదా!" అనిరి. తక్కినవారు టీ గ్లాసుల వంక చూచుకొనిరి.

నాకు మనసు చివుక్కుమనెను. ఇంటికి వచ్చిన తరువాత కూడ ఆ సంగతియే ఆలోచించితిని. ఈ నాలుగు మాటలు అందుకొరకే.

ఆ ధారావాహిక పేరు 'విక్రమ్ ఔర్ బేతాల్'. రామానంద సాగర్ నిర్మించినది. 1985లో దూరదర్శన్ జాతీయ ప్రసారమున ఆదివారపు సాయంకాలములందు మొదలై 26 భాగములు నడిచెను. విక్రముడు అరుణ్ గోవిల్. బేతాళుడు సజ్జన్ అను పాతకాలపు హిందీ నటుడు. తరువాత 1987 జనవరి 25న రామాయణము మొదలయ్యెను. ఈ విక్రముడే ఆ రాముడు. సీత వేసిన దీపిక, లక్ష్మణుడు వేసిన సునీల్ లహ్రీ, హనుమంతుడైన దారాసింగ్ మొదలగు వారిలో పలువురు బేతాళ కథలలో ఏదో యొక వేషమున అప్పటికే మాకు పరిచితులు. రాముని కీర్తి విక్రముని మ్రింగివేసినది. 2020లో మహమ్మారి కాలమున దేశమంతయు ఇండ్లలో కూర్చున్నప్పుడు కూడ రామాయణమునే మరల ప్రసారము చేసిరి, మరల లోకమంతయు చూచెను. విక్రముడు మాత్రము అర్ధరాత్రి శ్మశానమున శవమును మోయుచు అక్కడనే నిలిచిపోయెను.

కథ ఎరుగని విద్యార్థులకై క్లుప్తముగా చెప్పెదను. ఒక భిక్షువు కోరికపై రాజు శ్మశానములోని చెట్టుకు వ్రేలాడు శవమును దింపి భుజముపై వేసికొని నడచును. అందులోని బేతాళుడు దారి పొడుగునను కథ చెప్పి, తుదకు ఒక చిక్కుప్రశ్న వేయును. సమాధానము తెలిసియు పలుకకున్న రాజు తల వేయి వ్రక్కలగును. పలికినచో మౌనము చెడి బేతాళుడు మరల చెట్టెక్కును. మాటలాడినను నష్టమే, ఆడకున్నను నష్టమే. పిల్లల కథకు ఇంతకంటె చక్కని బిగువు మరియొకటి నాకు తెలియదు.

నేనప్పుడు ఆరవ తరగతి. మా వాడకట్టున టెలివిజన్ ఉన్న ఇల్లు ఒక్కటే. దాని డాబాపై ఇనుప గొట్టమునకు కట్టిన యాంటెన్నా. గాలి వీచినచో తెరపై మంచు కురియును. ఒకడు డాబా ఎక్కి గొట్టమును త్రిప్పుచు "అచ్చిందా?" అని అరచును, క్రిందివాడు కిటికీలోనుండి "జర ఇటు, ఇంక జర" అని అరచును. ఈ లోపల బేతాళుడు సగము కథ చెప్పివేయును. చాపలపై మేము, గోడకు ఆనుకొని పెద్దవారు, గడపమీద మా బాపమ్మ. ఉపగ్రహము ద్వారా ఢిల్లీ నుండి వచ్చెడి ఆ మాటలన్నియు హిందీయే. మా బాపమ్మకు హిందీ రాదు. ఊరి అంగడిలో బేరమాడుటకు చాలినన్ని ఉర్దూ ముక్కలు తప్ప ఆమెకు తెలుగే లోకము. అయినను రాజు చెట్టు దగ్గరకు పోకముందే, "ఇగ సూడు, నవ్వుతది అది" అనెడిది, బేతాళుడు నవ్వెడివాడు. "ఇప్పుడు అడుగుతది" అనెడిది, అడిగెడివాడు.

ఒకనాడు నేను ఉండబట్టలేక, "నీకు హిందీ రాదు గదా బాపమ్మా, ఎట్ల తెలుస్తుంది?" అంటిని.

"హిందీ రాకుంటేంది రా, కథ అస్తది గద!" అనెను.

ఆ మాట నాకు ఇన్నేండ్ల తరువాత మరింత లోతుగా వినిపించుచున్నది. కథ వచ్చినవారికి భాష వెనుకనుండి నడిచి వచ్చును. మాకు హిందీ నేర్పినది వ్యాకరణ పుస్తకము కాదు. 'బోల్ రాజా' వంటి చిన్న మాటలు బేతాళుని నోట విని, అర్థము ముందే తెలిసియున్నందున పట్టుకొంటిమి. చందమామ పత్రిక ఆ పని సగము చేసిపెట్టి యుండెను. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికలో బేతాళ కథలు నెలనెలా వచ్చెడివి. మూలమున ఉన్నవి 25 కథలే. అవి ఏనాడో తీరిపోగా, కొడవటిగంటి కుటుంబరావు గారి సంపాదకత్వమున క్రొత్త కథలు పుట్టించి వందలకొలది నడిపిరి. చిత్రకారుడు శంకర్ వేసిన ఆ బొమ్మ, చేత కత్తి, భుజమున శవము, మా తరము కన్నులలో అచ్చుపడిపోయినది. తెర మీద అరుణ్ గోవిల్‌ను చూచినప్పుడు బొమ్మకు ప్రాణము వచ్చెనని మాత్రమే అనుకొంటిమి గాని, క్రొత్తవానిని చూచుచున్నామని అనుకొనలేదు.

ఇంకొకటి కూడ చెప్పవలెను. ఆదిలాబాదు పిల్లవానికి పరభాష అన్నది పరాయిది కాదు. ఉల్లిగడ్డ కొనుటకు ఒక భాష, బట్ట కొనుటకు ఒక భాష మాటలాడు అంగడి మాది. పెన్‌గంగ వైపు మరాఠీ, ఉట్నూరు గుట్టలలో గోండి, కొలామీ, తండాలలో లంబాడీ, పట్టణమున ఉర్దూ, బడిలో తెలుగు. నైజాము కాలమున మా తాతగారు ఉర్దూలోనే చదువుకొనిరి. కనుక ఢిల్లీ బేతాళుడు హిందీలో మాటలాడినప్పుడు కోస్తా పిల్లల కంటె మాకు తక్కువ కష్టము కలిగియుండును. ఇది గొప్పగా చెప్పుకొనుట కాదు. సరిహద్దు ఊరివారి అవసరము అట్టిది.

ఇప్పుడు పాఠకులను కొంత వెనుకకు, రెండువేల ఏండ్ల నాటి గాథలోనికి తీసికొనిపోవలసియున్నది. ఆ హిందీ ధారావాహిక ఎక్కడిదో ఢిల్లీ సరుకు అనుకొనువారు ఈ సంగతి వినవలెను. 11వ శతాబ్దమున కాశ్మీరమున సోమదేవుడు సూర్యమతీదేవి కొరకు రచించిన కథాసరిత్సాగరములో ఈ బేతాళ కథలున్నవి. అందు రాజు పేరు త్రివిక్రమసేనుడు. అతని రాజధాని ఉజ్జయిని కాదు. గోదావరీ తీరమున నున్న ప్రతిష్ఠానము, నేటి పైఠాన్. ఉజ్జయినీ విక్రమార్కునిగా అతడు మారినది తరువాతి కాలమున. 15వ శతాబ్దపు తెలుగు కవులకు, జక్కనకు, మన తెలంగాణము వాడైన కొరవి గోపరాజుకు, విక్రమార్కుడు అప్పటికే ఇంటివాడు. పైఠాన్ దాటిన గోదావరియే బాసర కడకు వచ్చును. మన పిల్లలకు అక్షరాభ్యాసము చేయించు తీరము అది. అనగా 1985లో ఉపగ్రహము మీదుగా మా డాబాపైకి దిగిన కథ, మా ఏటి ఎగువ గట్టుననే బయలుదేరినదన్నమాట.

సోమదేవుడు తాను మూలకర్తనని చెప్పుకొనలేదు. గుణాఢ్యుడు పైశాచీ భాషలో రచించిన బృహత్కథను సంగ్రహించితినని చెప్పెను. ఆ బృహత్కథ నేడు లేదు. బేతాళ కథలు అందులో నిజముగా ఉండెనా అన్నది పండితుల వివాదము. అది వారికి వదలుదము. ఆ గ్రంథమెట్లు నశించినదో సోమదేవుడే చెప్పిన గాథ మాత్రము ప్రతి ఉపాధ్యాయుడును తెలిసికొనవలసినది.

సాతవాహన రాజు ఒకనాడు రాణులతో జలక్రీడలాడుచుండగా ఒక రాణి అలసి, నీళ్లు చల్లవద్దని సంస్కృతమున పలికెను. 'మా ఉదకైః' అన్న రెండు మాటలు సంధి కలిసి 'మోదకైః' అయ్యెను. రాజుకు సంధి తెలియదు. మోదకములతో కొట్టుమన్నదని తలచి కుడుములు తెప్పించెను! రాణి నవ్వెను. రాజుకు తల కొట్టేసినట్లయ్యెను. ఆస్థానమున గుణాఢ్యుడు ఆరేండ్లలో వ్యాకరణము నేర్పెదననెను. శర్వవర్మ ఆరు నెలలు చాలుననెను. అది జరిగినచో సంస్కృతము, ప్రాకృతము, దేశభాష మూడింటిని విడిచెదనని గుణాఢ్యుడు పంతమాడెను, ఓడెను. మాట నిలుపుకొనుటకై మూగవాడై అడవి పట్టెను. (ఆరు నెలలలో సర్వము నేర్పెదమను శర్వవర్మల ప్రకటనలు నేడు మన పట్టణముల గోడలపై చూచుచునే యున్నాము.)

అడవిలో కాణభూతి యను పిశాచము అతనికి మహాకథ చెప్పెను. మిగిలిన భాష పైశాచి ఒక్కటే. సిరా లేదు. ఏడేండ్లు తన రక్తముతో ఏడు లక్షల శ్లోకములు వ్రాసి శిష్యులచేత రాజునకు పంపెను. రాజు ఏమనెను? పైశాచీ భాష, రక్తపు వ్రాత, అవతలకు పొమ్మనెను. కథ ఎట్లున్నదని చూడలేదు. భాష ఏమన్నది మాత్రమే చూచెను.

గుణాఢ్యుడు కొండపై అగ్నికుండము పేర్చి, ఒక్కొక్క పుటను చదువుచు నిప్పులో వేయసాగెను. లేళ్లు, అడవిపందులు మేత మాని చుట్టును నిలిచి కన్నీరు కార్చుచు వినెను. అవి బక్కచిక్కగా రాజు వంటశాలకు సత్తువ లేని మాంసము వచ్చెను, రాజుకు జబ్బు చేసెను. కారణము వేటగాండ్రు చెప్పగా రాజు పరుగెత్తి వచ్చెను. అప్పటికి ఆరు లక్షలు బూడిద అయినవి. మిగిలినది ఒక లక్ష.

ఈ గాథను నేను ఎన్నోమారులు పిల్లలకు చెప్పితిని. కుడుముల దగ్గర నవ్వుదురు, లేళ్ల దగ్గర నిశ్శబ్దముగా నుందురు. చెప్పుచున్నంతసేపును నన్ను నేను గుణాఢ్యుని పక్షమున నిలుపుకొంటిని. అది నిజము కాదు.

నేను ఉద్యోగమున చేరిన తొలి ఏడాది, గుట్టల నడుమనున్న ఒక పల్లె బడిలో, శనివారము చివరి గంటలో ఎవరైనను కథ చెప్పుడని అంటిని. వెనుక వరుసనుండి ఒక గోండు బాలుడు లేచెను. అప్పటికి మూడు నెలలుగా ఆ పిల్లవాని గొంతు నేను వినలేదు. అతడు గోండిలో మొదలుపెట్టెను. చేతులు త్రిప్పుచు, ఏదో జంతువును అనుకరించుచు చెప్పుచుండగా సగము తరగతి కన్నులార్పక చూచుచుండెను; మిగిలిన సగము నవ్వెను. నేను పుస్తకముతో బల్లను తట్టి, "తెలుగులో చెప్పు" అంటిని. అతడు కొంతసేపు నిలిచి, కూర్చుండెను. ఆ ఏడాదిలో మరి లేవలేదు. ఆ కథ ఏమిటో నాకు నేటికిని తెలియదు. మూడేండ్ల వయసున నుండి తాను విన్నది, ప్రధానుల కిక్రీ వాయిద్యముతో పాటు తాతల ముంగిట విన్నది కావచ్చును. ఇరువది ఏండ్లకు పైబడినది. గాథలోని రాజునకు పరుగెత్తిపోవుటకు ఒక లక్ష శ్లోకములైనను మిగిలినవి.

'తెలుగు నేర్పుట మన విధి గదా, పరీక్షలు తెలుగులో గదా' అని నా మిత్రులు అందురు. నిజమే. ఆ బాలునికి తెలుగు రాకున్న రేపు కచేరీలో అర్జీ వ్రాసికొనలేడు. నేనును ఆ మాటనే నమ్మి బల్ల తట్టితిని. అయితే మా వాడకట్టు పిల్లలమంతా హిందీ ఎట్లు పట్టుకొంటిమో నేను అప్పుడు మరచితిని. మాకు కథ ముందు వచ్చినది, భాష తరువాత వచ్చినది. ఆ బాలుడు మొదట తన మాటలలో చెప్పి, మరుసటి శనివారము అదే కథను వచ్చీరాని తెలుగులో చెప్పియుండిన, తరగతికంతకు అప్పటికే కథ వచ్చియుండును; అతని తెలుగు తప్పులను కథయే మోసియుండును. ఇది క్రొత్త ఊహ కాదు. 1940వ దశకముననే హైమండార్ఫ్, సేతుమాధవరావు గారల పూనికతో మన మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలై, గోండి భాషలో వాచకములు నాగరి లిపిలో వెలువడెను. గుంజాల గ్రామమున బయటపడిన ప్రతులలోని గోండి లిపికి 2018లో కంప్యూటరు అక్షరముల అంతర్జాతీయ పట్టికలో చోటు దొరకినది. లిపికి చోటు దొరకినది సరే, బడిలో శనివారపు చివరి గంటను ఆ భాషకు ఇచ్చుటకు ఏ పట్టికయు అక్కరలేదు. ప్రధానోపాధ్యాయుడు తల ఊపిన చాలును.

ఈ మధ్య అంతర్జాలమున ఆ పాత ధారావాహిక దొరకగా రెండు భాగములు చూచితిని. దాచుట ఎందులకు, నిరాశపడితిని. చిన్ననాడు అంతులేని అడవియని తోచినది నాలుగు చెట్లు. బేతాళుని తెల్లని జడలు చూచి భయము వేయలేదు, జాలి వేసెను. అతడు ఎగిరిపోవు మాయను చూచి మా మనుమరాలు, 'తాతా, ఇది నిజంగా భయపడ్డారా?' అని నవ్వెను. అందువలన ఆ భాగములను మరల ప్రసారము చేయుమని కోరుచు నేనెవ్వరికిని అర్జీ పెట్టబోవుట లేదు. అది ఎక్కడికిని పోలేదు. మీట నొక్కిన వచ్చును. పోయినది డాబాపై గొట్టము త్రిప్పినవాడు, చాప, గడప, గడపమీద కూర్చుండి తెరకంటె ముందు నడచిన మా బాపమ్మ. ఒంటరిగా చెవులలో తీగలు పెట్టుకొని చూచు పిల్లవానిని బేతాళుడు ఎంత అడిగినను, ప్రక్కవానితో తగవులాడుటకు ప్రక్కన ఎవడును లేడు. చందమామ కూడ 2012 ప్రాంతమున ఆగిపోయినది.

ఆ కథల యందు నాకు మరియొక మక్కువ కలదు. అవి ముగియునది రాజు గెలిచినప్పుడు కాదు. చివరి కథలో అడవిలో రెండు జతల అడుగుజాడలు కనుగొన్న తండ్రి కొడుకులు, పెద్ద పాదముల స్త్రీని తండ్రియు, చిన్న పాదముల స్త్రీని కొడుకును పెండ్లాడవలెనని ఒప్పందము చేసికొందురు. తీర చూడగా చిన్న పాదములు తల్లివి, పెద్ద పాదములు కూతురివి. ఒప్పందము ప్రకారము పెండ్లిండ్లు జరుగును. ఆ రెండు జంటలకు పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమగుదురు? రాజు ఎంత ఆలోచించినను తోచదు, మౌనముగా నడచిపోవును. ఆ తెలియకపోవుటయే బేతాళుని మెప్పించి, రాజు ప్రాణమును కాపాడును. ప్రశ్నకు జవాబు తెలియదని నిలుచున్న పిల్లవానిని బెంచీ ఎక్కించు మన తరగతులలో ఈ కథను ఏ ముఖముతో చెప్పవలెనో నాకు తోచదు. అయినను చెప్పుచునే యుందును.

ఒక ఆదివారము కథ నడుమ కరెంటు పోయెను. పిల్లలందరు గోల చేయగా బాపమ్మ వాకిట చాప వేయించి, "నేను చెప్త, కూసోండ్రి" అనెను. ఒక కన్యకై ముగ్గురు యువకులు వచ్చిరి. ఆమె ఆకస్మికముగా చనిపోయెను. ఒకడు ఆమె బూడిదపై పండుకొని శ్మశానమున ఉండిపోయెను. ఒకడు అస్థులు గంగకు తీసికొనిపోయెను. ఒకడు దేశములు తిరిగి చనిపోయినవారిని బ్రదికించు మంత్రము తెచ్చి ఆమెను బ్రదికించెను. ఆమె ఎవరి భార్య?

బ్రదికించినవాడేనని మగపిల్లలము అరచితిమి. బాపమ్మ తల అడ్డముగా ఊపి రాజు తీర్పు వినిపించెను: ప్రాణము పోసినవాడు తండ్రి, అస్థులు కలిపినవాడు కొడుకు, బూడిదను విడువనివాడు మగడు. మేమందరము నోళ్లు తెరచితిమి. ఇంతలో మా మేనత్త కూతురు, ఏడెనిమిదేండ్లది, చాప కొసనుండి అనెను:

"మరి ఆ పిల్లనెవ్వలు అడుగరా బాపమ్మా?"

బాపమ్మ ఏదో చెప్పబోయి ఆగెను. మేము ఆమె ముఖము వంక చూచుచుంటిమి. కరెంటు వచ్చెను, లోపల పెట్టె వెలిగెను, విక్రముడు వెళ్లిపోయి ఏదో వేరు కార్యక్రమము నడుచుచుండెను. పిల్లలందరు లోపలికి పరుగెత్తిరి. బాపమ్మ మాత్రము లేవలేదు. వాకిట చాపమీదనే, మోకాలిపై గడ్డము నానించి, ఇంకను ఆలోచించుచుండెను.